మెంఫిస్ సాజిందా: బుకర్ టి. జోన్స్ దాస్తాన్

ఇంగ్లండ్‌లో ఇండియా టెస్ట్ మ్యాచ్ ఆడుతున్న రోజులు. లెస్టర్‌లో కొలువు చేసుకుంటున్న మా భాంజా మధ్యాహ్నం ఫోన్ చేశాడు. వాడి గదిలో బీబీసీ రేడియో కామెంటరీ మొదలవబోతోంది. దానికి ముందు ఒక ధున్ వినపడింది. ముందు గంట మీద కర్రతో కొట్టినట్టు టక్ టక్ మని తాళం, దాని వెనక ఆర్గన్. మాటల్లేవు, గాయకుడు లేడు. ఆ ఆర్గన్ వినగానే నాకు మా ఇంట్లో దుప్పటి కప్పి ఉన్న హార్మోనియం పెట్టె గుర్తొచ్చింది.

"ఏ బాజా కౌన్ బజారా బేటా?" అన్నాను.

"క్రికెట్ ధున్ మామూ. ఇక్కడ చిన్నపిల్లలక్కూడా తెలుసు. బజాయించింది ఎవరో మాత్రం నాక్కూడా మాలూం లేదు" అన్నాడు వాడు.

రాత్రికి పేరు కనుక్కుని పంపించాడు. ధున్ పేరు 'సోల్ లింబో'. 1968లో అమెరికాలోని మెంఫిస్ అనే షహర్‌లో రికార్డయింది. ఆర్గన్ వాయించినవాడు బుకర్ టి. జోన్స్. అప్పటికి అతని వయసు 23.

అందరికీ ధున్ తెలుసు, సాజిందా పేరు మాత్రం తెలియదు. ఈ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే మా అబ్బా కూడా సాజిందానే. ఒక ఖవ్వాలీ పార్టీలో హార్మోనియం వాయించేవారు. ఉర్సులకీ షాదీలకీ ఊరూరా తిరిగేవారు. ఖవ్వాల్ సాబ్‌కి దండలు పడేవి, అబ్బా పక్కన కూర్చుని గాలి కొడుతూ ఉండేవారు. ఒకసారి వాళ్ల పార్టీ పాటలు క్యాసెట్‌గా వచ్చాయి. ఆ ఖిస్సా చివర్లో చెప్తాను. ముందు ఈ మెంఫిస్ సాజిందా సంగతి వినండి. కొన్ని వారాలుగా అతని రికార్డులు వింటూ, అతని గురించి దొరికింది దొరికినట్టు చదువుతూ ఉన్నాను.

ఇబాదత్ సాజ్ బజార్‌కి వచ్చిన కథ

మన హార్మోనియం పుట్టింది ఫ్రాన్స్‌లో. 1842లో పారిస్‌లో దానికి పేటెంట్ తీసుకున్నారు. పెద్ద పైపుల ఆర్గన్ కొనుక్కోలేని చిన్న చర్చిలకు అది అక్కరకొచ్చింది. పాద్రీలతో పాటు హిందుస్తాన్ చేరింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని చేత్తో గాలి కొట్టుకునేలా మార్చాక నాటకాల్లోకి, భజనల్లోకి, ఖవ్వాలీలోకి వచ్చేసింది.

అమెరికాలో హామండ్ ఆర్గన్ కథ కూడా దాదాపు ఇదే. లారెన్స్ హామండ్ గడియారాలు తయారు చేసే మనిషి. 1930ల నడుమ, గడియారంలో తిరిగే మోటార్ లాంటిదాన్నే పెట్టి కరెంటుతో పలికే ఆర్గన్ చేశాడు. లోపల చిన్న చిన్న ఇనప చక్రాలు తిరుగుతుంటాయి. ఒక్కో చక్రం పక్కన ఒక అయస్కాంతం. చక్రం అంచు దాని ముందు నుంచి వెళ్తుంటే స్వరం పుడుతుంది. పైన ఉండే కడ్డీల్ని లాగితే ఆవాజ్ రంగు మారుతుంది. ఇది కూడా చర్చిల కోసం చేసిన సాజే. పైపుల ఆర్గన్ కంటే ఎంతో సస్తా కాబట్టి గరీబు నల్లజాతి చర్చిలు కూడా కొనుక్కున్నాయి. ఆ చర్చిల్లో పెరిగిన పిల్లలే తర్వాత దాన్ని బజార్‌లోకి తెచ్చారు. చర్చిలో పాడే దర్దునీ పిలుపునీ తీసుకుని దునియా మాటలకి కడితే వచ్చిన మౌసికీకే సోల్ అని పేరు. సోల్ అంటే రూహ్. ఆ మౌసికీలో రాగం కంటే తాళానికి పెద్దపీట వేసి, డోలూ బేసూ ముందు నడిస్తే అది ఫంక్.

బుకర్ టి. జోన్స్ 1944 నవంబర్ 12న మెంఫిస్‌లో పుట్టాడు. అబ్బా స్కూల్లో సైన్స్ మాస్టర్. గులామీలో పుట్టి నల్లవాళ్ల తాలీమ్ కోసం జిందగీ పెట్టిన బుకర్ టి. వాషింగ్టన్ పేరే తండ్రికీ కొడుక్కీ పెట్టారు. పిల్లవాడు చదివిన హైస్కూల్ పేరు కూడా అదే. చిన్నప్పటి నుంచి చేతికి దొరికిన ప్రతి సాజూ నేర్చాడు. పియానో, ఓబో, సాక్సోఫోన్, ట్రాంబోన్. ఇళ్లకి పేపర్లు వేసి, వచ్చిన పైసలతో పాఠాలు చెప్పించుకున్నాడు.

టాకీస్‌లో కార్ఖానా

ఆ బస్తీలోనే మెక్లెమోర్ అవెన్యూ మీద మూతపడ్డ ఒక సినిమా టాకీస్ ఉండేది. జిమ్ స్టీవర్ట్ అనే తెల్ల మనిషి 1960లో దాన్ని కిరాయికి తీసుకుని రికార్డింగ్ స్టూడియో పెట్టాడు. అతను బ్యాంకులో నౌకరీ చేస్తూ ఫిడేలు వాయించేవాడు. రికార్డింగ్ మెషీన్ కొనడానికి అతని అక్క ఎస్టెల్ ఆక్స్టన్ తన ఇల్లు తాకట్టు పెట్టింది. టాకీస్‌లో మిఠాయిలు అమ్మే చోట ఆమె గ్రామఫోన్ రికార్డుల దుకాణం పెట్టింది. ఇద్దరి ఇంటిపేర్లలోంచి రెండేసి అక్షరాలు తీసి కంపెనీకి 'స్టాక్స్' అని పేరు పెట్టారు. కుర్చీలు తీసేసినా నేల మాత్రం టాకీస్ నేలలాగే ఏటవాలుగా ఉండిపోయింది. అక్కడి రికార్డుల్లో వినిపించే ఆ గుబురు ఆవాజ్‌కి ఆ ఏటవాలు గదే కారణం అంటారు.

బుకర్ స్కూలు అయిపోగానే ఆ దుకాణంలో నిలబడి కొత్త రికార్డులు వినేవాడు. 1960లో ఒక రోజు రూఫస్ థామస్, అతని కూతురు కార్లా కలిసి పాడే పాటకి బారిటోన్ సాక్సోఫోన్ వాయించే మనిషి కావాల్సి వచ్చింది. ఒక దోస్తు స్కూలుకొచ్చి క్లాసులోంచి బుకర్‌ని తీసుకెళ్లాడు. అదే అతని మొదటి రికార్డింగ్.

రెండేళ్ల తర్వాత, 1962 వేసవిలో, ఒక గాయకుడి పని త్వరగా తెమిలిపోయింది. స్టూడియోలో నలుగురు సాజిందాలు ఖాళీగా మిగిలారు. ఆర్గన్ మీద బుకర్, గిటార్ మీద స్టీవ్ క్రాపర్, బేస్ మీద లూయీ స్టైన్‌బర్గ్, డ్రమ్స్ మీద అల్ జాక్సన్ జూనియర్. టైంపాస్‌కి వాయించుకుంటుంటే జిమ్ స్టీవర్ట్ మెషీన్ ఆన్ చేశాడు. రికార్డుకి రెండో వైపు ఏదో ఒకటి కావాలి కదా అని బుకర్ దగ్గర ఉన్న చిన్న ధున్ ఒకటి వాయించారు. దాని పేరు 'గ్రీన్ ఆనియన్స్'. రెండో వైపు కోసం వాయించింది అమెరికా పాటల జాబితాలో 3వ స్థానానికి ఎక్కింది, నల్లవాళ్ల పాటల జాబితాలో 1వ స్థానం. బుకర్‌కి అప్పుడు 17 ఏళ్లు. ఆ నలుగురికీ 'బుకర్ టి. అండ్ ది ఎం.జీ.స్' అని పేరు పడింది.

ఇంత పెద్ద హిట్టు కొట్టిన కుర్రాడు ఏం చేశాడో వినండి. అదే సంవత్సరం ఇండియానా యూనివర్సిటీలో మౌసికీ డిగ్రీకి చేరిపోయాడు. సుమారు 600 కిలోమీటర్ల దూరం. వారమంతా అక్కడ చదువు, సెలవు దొరికితే కారేసుకుని మెంఫిస్ రావడం, రికార్డింగ్ చేసి మళ్లీ సోమవారం క్లాసు. నాలుగేళ్లు ఇలా చేసి 1966లో డిగ్రీ పట్టుకుని బయటికొచ్చాడు. అతను లేనప్పుడు అదే ఆర్గన్ దగ్గర కూర్చున్న కుర్రాడి పేరు ఐజక్ హేస్. తర్వాత అతనూ పెద్ద ఉస్తాద్ అయ్యాడు.

మన ఇళ్లలో పిల్లలు పాటలంటే పడి చచ్చిపోతుంటే "పఢాయీ పాడవుతుంది" అంటాం. ఈ పిల్లవాడు రెండూ పట్టుకున్నాడు. ఆ చదువు అతని వాయింపులో వినపడుతుంది కూడా. చేతులు వచ్చు కదా అని వందల స్వరాలు కురిపించడు. మిగతా ముగ్గురు మాట్లాడాక, సందు దొరికిన చోట ఒక మాట అంటాడు. కొన్ని చోట్ల ఒకే స్వరాన్ని అలా పట్టుకుని వదలడు. అబ్బా "ఖామోషీ భీ బజానా ఆనా" అనేవారు, ఊరుకోవడం కూడా వాయించడం రావాలి అని. ఆ మాట అర్థం బుకర్ రికార్డులు విన్నాకే నాకు సరిగ్గా తెలిసింది.

నలుగురు, ఒక గది

ఎం.జీ.స్ తమ పేరుతో రికార్డులు చేస్తూనే, స్టాక్స్‌కి వచ్చే గాయకులందరికీ సాజిందాలుగా ఉండేవారు. ఓటిస్ రెడింగ్, సామ్ అండ్ డేవ్, విలియం బెల్, కార్లా థామస్, ఎడ్డీ ఫ్లాయిడ్, ఆల్బర్ట్ కింగ్ పాడిన వందల పాటల్లో వీళ్ల వేళ్లున్నాయి. ఆల్బర్ట్ కింగ్‌కి పేరు తెచ్చిన 'బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్' 1967లో వచ్చింది. దాన్ని రాసింది విలియం బెల్, బుకర్ ఇద్దరూ కలిసి.

1965 ప్రాంతంలో స్టైన్‌బర్గ్ స్థానంలో డోనాల్డ్ 'డక్' డన్ వచ్చాడు. ఇప్పుడు నలుగురిలో బుకర్, జాక్సన్ నల్లవాళ్లు. క్రాపర్, డన్ తెల్లవాళ్లు. మనకి ఇందులో పెద్ద విశేషం కనపడకపోవచ్చు. కానీ అది మెంఫిస్. స్కూళ్లు వేరు, బస్తీలు వేరు, మొన్నమొన్నటి దాకా లైబ్రరీలో బల్లలు కూడా వేరు. ఆ షహర్‌లో నలుగురూ ఒకే గదిలో రోజూ పొద్దున కూర్చుని, ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటూ, ఒకరి మాట మీద ఇంకొకరు ధున్ కడుతున్నారు. గది లోపల ఎవరు బాగా వాయిస్తే వాళ్ల మాట చెల్లుతుంది. తలుపు తీసి రోడ్డు మీదకొస్తే కలిసి కూర్చుని భోజనం చేయడానికి హోటల్ వెతుక్కోవాలి.

అలా కలిసి కూర్చోగలిగిన కొద్ది జాగాల్లో ఒకటి లొరెయిన్ మోటెల్. నల్లజాతి మియాబీబీ నడిపే హోటల్ అది. స్టాక్స్ వాళ్లు అక్కడే దిగేవాళ్లు, అక్కడే తినేవాళ్లు, ఎండాకాలం అక్కడి కొలనులో ఈదేవాళ్లు. 1966లో ఎడ్డీ ఫ్లాయిడ్, స్టీవ్ క్రాపర్ 'నాక్ ఆన్ వుడ్' అనే హిట్టు పాటని ఆ హోటల్ గదిలోనే రాశారు. ఈ హోటల్ పేరు గుర్తుంచుకోండి.

1967 వాళ్లకి పండగ సంవత్సరం. మార్చి, ఏప్రిల్ నెలల్లో స్టాక్స్ కళాకారులంతా కలిసి యూరప్ వెళ్లారు. లండన్‌లో, పారిస్‌లో హాళ్లు నిండిపోయాయి. సొంత ఊళ్లో వెనక తలుపు నుంచి రమ్మనే మనుషులకి అక్కడ వేల మంది లేచి నిలబడి తాలియా కొట్టారు. జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరే జల్సాలో ఓటిస్ రెడింగ్ వెనక వాయించారు. తెల్ల కుర్రకారులో చాలామంది ఓటిస్‌ని మొదటిసారి చూసింది అక్కడే. అదే ఏడాది 'హిప్ హగ్-హర్' వచ్చింది. 'గ్రీన్ ఆనియన్స్' నాటి ఆ చిన్నపాటి బ్లూస్ నడక ఇందులో బరువెక్కింది. డ్రమ్స్ ముందుకొచ్చాయి, ఆర్గన్ పొట్టి పొట్టి ముక్కలుగా కోస్తున్నట్టు పలుకుతుంది. ఇంకొన్నేళ్లకి దునియా అంతా ఫంక్ అని పిలిచినదానికి ఇది ఒక దర్వాజా.

ఆరు నెలల ఖయామత్

ఆ డిసెంబర్ 10న ఓటిస్ రెడింగ్ ప్రయాణిస్తున్న చిన్న విమానం విస్కాన్సిన్‌లో గడ్డకట్టే చెరువులో కూలిపోయింది. అతనికి 26 ఏళ్లు. అతనితో పాటు బార్-కేస్ అనే కుర్ర పార్టీలో నలుగురు పోయారు. వాళ్లు స్టాక్స్ గదిలో ఎం.జీ.స్ దగ్గర నేర్చుకుంటూ పెరిగిన పిల్లలు. వాళ్లలో ఆర్గన్ వాయించే రానీ కాల్డ్‌వెల్ ఒకడు. ఆ పార్టీలో తెల్లవాడు అతనొక్కడే. ఇంకా ఇరవై నిండలేదు.

మౌత్‌కి మూడు రోజుల ముందు ఓటిస్ 'డాక్ ఆఫ్ ది బే' పాట పని పూర్తి చేశాడు. అందులో పియానో బుకర్‌ది. ఈసారి వినేటప్పుడు గాయకుడిని వదిలేసి పియానో వెంట వెళ్లండి. ఎక్కడా ముందుకు రాదు, దోస్తు భుజం మీద చెయ్యి వేసి నడిచినట్టు పక్కనే నడుస్తుంది. ఆ పాట 1968 మార్చిలో అమెరికాలో 1వ స్థానానికి చేరింది. అప్పటిదాకా ఆ దేశంలో ఒక మర్హూమ్ పాట అలా మొదటి స్థానానికి రాలేదు.

ఆ రోజుల్లోనే మెంఫిస్ రోడ్ల మీద ఇంకో దర్దు నడుస్తోంది. ఫిబ్రవరి 1న వర్షం పడుతుంటే చెత్త లారీ వెనక తలదాచుకున్న ఇద్దరు నల్లజాతి సఫాయీ మజ్దూర్లు, ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్, చెత్త నొక్కే మెషీన్‌లో నలిగి చనిపోయారు. ఫిబ్రవరి 12 నుంచి సుమారు 1,300 మంది మజ్దూర్లు పని ఆపేశారు. 'నేనూ మనిషినే' అనే అర్థం వచ్చే అట్టలు మెడలో వేసుకుని రోజూ నడిచారు. వాళ్ల హక్కు కోసం మార్టిన్ లూథర్ కింగ్ మెంఫిస్ వచ్చాడు. లొరెయిన్ మోటెల్‌లో దిగాడు. ఏప్రిల్ 4 సాయంత్రం ఆ హోటల్ బాల్కనీలో నిలబడి ఉండగా గోలీ తగిలింది.

ఈ షహర్‌లో అందరూ కలిసి కూర్చోగలిగిన కొద్ది నీడల్లో ఒకటి అది. ఖూన్ అక్కడే పడింది. ఊళ్లో దుకాణాలు తగలబడ్డాయి, స్టాక్స్ బిల్డింగ్‌ని ఎవరూ ముట్టుకోలేదు. కానీ లోపల గది మునుపటిలా లేదు. ఇంతకాలం నల్ల, తెల్ల అనే మాట లోపలికి రానివ్వకుండా పని చేసుకున్నారు. ఇప్పుడు ఆ మాట ఎత్తకుండా ఉండటమే ఒక బరువైపోయింది.

చదవని కాగజ్

మూడో దెబ్బ కాగితం మీద పడింది. స్టాక్స్ రికార్డుల్ని దేశమంతా అమ్మిపెట్టేది న్యూయార్క్‌లోని అట్లాంటిక్ కంపెనీ. మొదట్లో అంతా జబాన్ మీదే, చెయ్యి కలిపి భరోసా మీదే నడిచింది. 1965లో దాన్ని కాగితం మీద పెట్టారు. జిమ్ స్టీవర్ట్ నమ్మకం మీద దస్తఖత్ చేశాడు, వకీల్‌కి చూపించలేదు. అట్లాంటిక్‌ని వార్నర్ బ్రదర్స్-సెవెన్ ఆర్ట్స్ కొనేశాక, 1968లో పాత ముఆహిదా తెంచుకునే వేళ ఆ కాగితం బయటికి తీసి చదివారు. అట్లాంటిక్ పంచిన స్టాక్స్ రికార్డింగులన్నిటికీ మాలిక్ అట్లాంటిక్కే అని అందులో రాసి ఉంది. ఇన్నేళ్లూ అమ్మకానికి ఇస్తున్నామనుకున్నారు, అసలు సొత్తే రాసిచ్చేశారు.

అంటే ఓటిస్ పాటలు పోయాయి. 'గ్రీన్ ఆనియన్స్' పోయింది. 'హిప్ హగ్-హర్' పోయింది. సామ్ అండ్ డేవ్ అసలు అట్లాంటిక్ మనుషులేనట, వాళ్లూ వెళ్లిపోయారు. ఎనిమిదేళ్ల మెహనత్ ఒక్క వాక్యంలో చేతులు మారింది. ఆ రికార్డుల మీద వేళ్లు అరగదీసుకున్న సాజిందాలని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇక్కడ ఆగి ఆలోచించాను. ఆ గదిలో బరాబరీ ఉంది, అది అబద్ధం కాదు. నలుగురి మధ్య రంగు చూడని దోస్తీ ఉంది. కానీ ఆ బరాబరీ సాజ్ ముందు కూర్చున్నంత సేపే. సాజ్ ముందు బరాబర్ అయిన మనిషి కాగజ్ మీద ఎక్కడా లేడు. గది మాలిక్‌ది, టేపు కంపెనీది, ముఆహిదా ఇంకో షహర్‌లో కూర్చున్న పెద్దవాళ్లది. సాజిందాకి దక్కింది తన్ఖా, కాస్త పేరు.

'సోల్ లింబో', 'టైం ఈజ్ టైట్'

పాత సొత్తు పోగొట్టుకున్న స్టాక్స్ 1968 మే నెలలో గల్ఫ్ అండ్ వెస్టర్న్ అనే పెద్ద కంపెనీ చేతికి వెళ్లింది. చిటికె వేస్తున్న వేళ్ల బొమ్మతో కొత్త ముద్ర వచ్చింది. రికార్డుల నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. ఆ ఒకటో నంబర్ రికార్డే 'సోల్ లింబో'.

ఆ సంగతి తెలిశాక ఆ ధున్ నాకు వేరేగా వినపడింది. చెవికి అదొక ఖుషీ పాట. కరీబియన్ దీవుల తాళం, గంట మీద కర్ర, చెక్కల మీద కొట్టి పలికించే మరింబా, పైన నవ్వుతున్నట్టు ఆర్గన్. దోస్తుని పూడ్చిపెట్టి, ఊళ్లో పొగ చూసి, సొంత పని అంతా పరాయి వాళ్లదైపోయిందని తెలిశాక ఆ గదిలోంచి బయటికి పంపిన మొదటి రికార్డు అది. అమెరికాలో 17వ స్థానం దాకా వెళ్లింది. 1970లలో బీబీసీ టెలివిజన్ వాళ్లు దాన్ని క్రికెట్ ధున్‌గా పెట్టుకున్నారు. 1999లో టీవీ హక్కులు చేజారాక రేడియో కామెంటరీకి మార్చుకున్నారు. క్రికెట్ అంతగా ఆడని దేశంలో పుట్టిన ధున్, మా భాంజా గదిలోంచి నా చెవిన పడింది.

అదే ఏడాది జూల్స్ డాసిన్ అనే డైరెక్టర్ 'అప్‌టైట్' సినిమా తీశాడు. కింగ్ హత్య జరిగిన రోజుల్లో క్లీవ్‌లాండ్‌లోని నల్ల కుర్రాళ్ల కథ. ఇక నడకలతో లాభం లేదు, హథియార్ పట్టాలా అని వాళ్లలో వాళ్లు కొట్టుకునే కథ. దానికి మౌసికీ ఇచ్చింది బుకర్. స్టూడియోలో సాజిందాగా కూర్చునే మనిషికి, పూర్తి సినిమాని తన పేరు మీద నడిపించే మౌకా. యూనివర్సిటీ చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. ఆ సినిమా పాటల్లోంచే 'టైం ఈజ్ టైట్' వచ్చింది. 1969లో అది 6వ స్థానానికి చేరింది.

ఈ లేఖ చదివాక ఒక్కటే వినాలనుకుంటే అది వినండి. బేస్, గిటార్ రెండూ కలిసి ఒకే నడక నడుస్తాయి, తొందర లేదు, ఆగడం లేదు. జాక్సన్ డ్రమ్స్ మీద ఒక్క దెబ్బ కూడా ఎక్కువ కొట్టడు. ఆ నడక మీద ఆర్గన్ మెల్లగా మెట్లెక్కుతుంది. ఎక్కడా ఏడవదు, ఎక్కడా అరవదు. అయినా ఆ సంవత్సరం ఆ షహర్ మీదుగా పోయిందంతా అందులో ఉంది. నల్ల చేతులు రెండు జతలు, తెల్ల చేతులు రెండు జతలు ఇంత సరిగ్గా కలిసి నడిచిన రికార్డు బయటికొచ్చిన వేళకి, ఆ నలుగురూ విడిపోయే దారిలో ఉన్నారు.

ఖాళీ అయిన కుర్చీ

కొత్త మాలికుల కింద స్టాక్స్ కార్ఖానాలా మారింది. పోయిన సొత్తుని భర్తీ చేయాలని కంపెనీ నడిపే అల్ బెల్ 1969 నడిమికి ఒకేసారి 27 ఆల్బములు బయటికి తెచ్చాడు. సాజిందాల మీద పని కుప్పలుగా పడింది. బుకర్‌కి వైస్ ప్రెసిడెంట్ అనే హోదా ఇచ్చారు. హోదాలు ఇచ్చారు గానీ ఫైసలాలు మా చేతిలో లేవు అని అతను తర్వాత చెప్పుకున్నాడు. కంపెనీని కన్న ఎస్టెల్ ఆక్స్టన్ కూడా వెళ్లిపోయింది.

బుకర్ కాలిఫోర్నియా మకాం మార్చాడు. 1970లో ఎం.జీ.స్ 'మెక్లెమోర్ అవెన్యూ' అని ఒక ఆల్బమ్ చేశారు. బీటిల్స్ 'అబీ రోడ్' పాటల్ని తమ పద్ధతిలో వాయించి, అట్ట మీద తమ స్టూడియో ముందు రోడ్డు దాటుతున్న నలుగురి ఫోటో వేశారు. లండన్ గల్లీకి బదులు మెంఫిస్ గల్లీ. అది చూస్తే వీడ్కోలు ఫోటోలా ఉంటుంది నాకు. 1971లో వచ్చిన 'మెల్టింగ్ పాట్' ఆల్బమ్‌ని ఎక్కువభాగం న్యూయార్క్‌లో రికార్డు చేశారు. బుకర్‌కి ఆ పాత గదికి తిరిగి వెళ్లడం ఇష్టం లేదు. అందులోని మొదటి ధున్ ఎనిమిది నిమిషాలు దాటుతుంది. ఆ నలుగురి ఫంక్ అంతా అందులో కుండ నిండా ఉడికింది.

పెద్ద కొట్లాట లేదు, కోర్టు లేదు, పేపర్ వాళ్ల ముందు గాలీలు లేవు. ఆర్గన్ ముందు కుర్చీ ఖాళీ చేసి వెళ్లిపోయాడు, అంతే. కాలిఫోర్నియాలో బిల్ విదర్స్ అనే కొత్త గాయకుడి మొదటి ఆల్బమ్‌ని తనే ప్రొడ్యూస్ చేశాడు. విదర్స్ అప్పుడు విమానాల సామాన్లు తయారు చేసే కార్ఖానాలో మజ్దూర్. ఆ రికార్డింగ్‌కి బుకర్ పిలిపించుకున్న సాజిందాల్లో డక్ డన్, అల్ జాక్సన్ ఉన్నారు. కంపెనీ విడిచిపెట్టాడు గానీ దోస్తుల్ని విడిచిపెట్టలేదు.

స్టాక్స్ 1975 డిసెంబర్‌లో దివాలా తీసింది. ఆ ఏడాది అక్టోబర్‌లోనే అల్ జాక్సన్‌ని అతని ఇంట్లో ఎవరో కాల్చి చంపారు. 1989లో టాకీస్ బిల్డింగ్‌ని కూల్చేశారు. చాలా ఏళ్లు అక్కడ ఖాళీ జాగా, గడ్డి. 2003లో అదే చోట మ్యూజియం కట్టారు. పక్కనే బస్తీ పిల్లలకి మౌసికీ నేర్పే అకాడమీ ఉంది. లొరెయిన్ మోటెల్ కూడా ఇప్పుడు పౌర హక్కుల మ్యూజియమే. బుకర్ 2019లో తన జిందగీ కథని కితాబుగా రాశాడు. దానికి పెట్టుకున్న పేరు 'టైం ఈజ్ టైట్'.

అబ్బా క్యాసెట్

ఇప్పుడు మా ఇంటి ఖిస్సా. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒక క్యాసెట్ కంపెనీ వాళ్లు అబ్బా వాళ్ల పార్టీని పిలిచి రెండు రోజులు రికార్డు చేశారు. అందరి చేతా ఏదో కాగజ్ మీద దస్తఖత్‌లు తీసుకున్నారు. అబ్బాకి కొన్ని వందలు చేతిలో పెట్టారు. అమ్మీ వాటితో ఈద్ బట్టలు కొంది. క్యాసెట్ మీద ఖవ్వాల్ సాబ్ ఫోటో, దర్గా ఫోటో. సాజిందాల పేర్లు ఎక్కడా లేవు. ప్రతి ఉర్సు బజార్‌లో ఆ క్యాసెట్ మోగేది. కొన్నేళ్ల తర్వాత సీడీ వచ్చింది. అబ్బా ఒకసారి వెళ్లి అడిగితే, ఆ కాగితం తీసి చూపించారట. అన్నీ ఇచ్చేసినట్టు రాసి ఉందట. అబ్బాకి ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు. ఆ కాగజ్ అంగ్రేజీలో ఉంది.

ఇంటికొచ్చి ఆయన ఏమీ అనలేదు. హార్మోనియం తీసి తుడిచి, మళ్లీ దుప్పటి కప్పారు. నాకు చాలా రోజులు అది ఆయన చేతగానితనం అనిపించింది. చదువుకోకపోతే ఇలాగే మోసపోతారని లోపల్లోపల ఆయన మీదే గుస్సా పడ్డాను. బ్యాంకులో పనిచేసిన జిమ్ స్టీవర్ట్ కూడా చదవకుండానే దస్తఖత్ పెట్టాడని, డిగ్రీ చదివిన బుకర్ మెహనత్ కూడా అలాగే చేతులు మారిందని ఇన్నాళ్లకి తెలిసింది. అబ్బా ఇప్పుడు లేరు. ఉంటే పక్కన కూర్చోబెట్టి 'టైం ఈజ్ టైట్' వినిపించేవాణ్ణి.

మన ఇళ్లలో ఇప్పుడు పిల్లలు ఫోన్‌లోనే పాడుతున్నారు, నాత్‌లు రికార్డు చేస్తున్నారు, వీడియోలు పెడుతున్నారు. ఎవరో వచ్చి "మా చానల్‌లో వేస్తాం, ఇక్కడ ఒప్పుకో" అంటారు. ఒక్క వేలితో నొక్కేస్తే అయిపోతుంది. అమ్మీలకీ అబ్బాలకీ నా గుజారిష్ ఒక్కటే. నొక్కే ముందు ఆ కాగజ్‌ని మనకొచ్చిన జబాన్‌లో ఎవరిచేతనైనా చదివించుకోండి. వెనక దఫ్ కొట్టిన పిల్లవాడి పేరు కూడా రాయమని అడగండి.

నిన్న రాత్రి వెతికితే అబ్బా వాళ్ల ఖవ్వాలీ యూట్యూబ్‌లో దొరికింది. ఎవరో పాత క్యాసెట్ నుంచి ఎక్కించారు. మూడో నిమిషంలో ఖవ్వాల్ సాబ్ ఊపిరి తీసుకునే చోట హార్మోనియం ఒక్కటే పలుకుతుంది, ఒకే స్వరం, పొడుగ్గా. కింద కామెంట్లలో అందరూ గాయకుణ్ణి తారీఫ్ చేశారు. నేను అక్కడ ఒక వాక్యం రాశాను. హార్మోనియం వాయించింది మా అబ్బా అని రాసి, ఆయన పేరు పూర్తిగా పెట్టాను. పొద్దున చూస్తే దాని కింద లెస్టర్ నుంచి మా భాంజా రాశాడు, "మా నానా" అని.